స్పోర్ట్స్ కారు క్లచ్చు: అరుగుదలకు వెల యెంత?

యంత్రములన్నియు అరుగును. కాని అన్ని భాగములును ఒకే కారణముచే అరుగవు. కొన్ని భాగములు అరుగకుండుటకై నూనె పోసి కాపాడుదుము. మరికొన్ని భాగములు అరుగుట కొరకే నిర్మింపబడినవి. సుద్ద అరిగిననే గదా నల్లబల్లపై అక్షరము కనబడును! మోటారు వాహనములలోని బ్రేకు, క్లచ్చు ఈ రెండవ తెగకు చెందినవి. వాని పని ఘర్షణ వలననే జరుగును. ఘర్షణ యున్నచోట అరుగుదల తప్పదు.

మామూలు కారులో క్లచ్చు అరిగినచో దానిని మార్చుట పెద్ద వార్త కాదు. ఐరోపాలోను అమెరికాలోను స్పోర్ట్స్ కార్లు నడుపువారికి మాత్రము అది గుండె జారు వార్త. మెకానికు చేతికిచ్చు బిల్లు వేల డాలర్లలో నుండును. ఇంతకును ఆ కారులో అరిగిపోయిన పదార్థ మెంత? లెక్క వేసి చూచినచో సుమారు నూరు గ్రాములు మాత్రమే. నూరు గ్రాముల పొడికి అంత డబ్బు ఏల చెల్లింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము కొంత భౌతికశాస్త్రములోను, కొంత యంత్రనిర్మాణములోను, కొంత అంకగణితములోను కలదు. ఉన్నత పాఠశాలలో నేర్చుకొను లెక్కలే దీనికి చాలును.

క్లచ్చు ఎందులకు?

పెట్రోలు ఇంజనుకు ఒక లోపము కలదు. నిలిచియున్న స్థితి నుండి అది దేనిని త్రిప్పజాలదు. నిమిషమునకు ఆరేడు వందల చుట్లకు తక్కువగ తిరిగినచో అది ఆగిపోవును. కాని బయలుదేరుటకు ముందు కారు చక్రములు కదలక యుండును. ఒకవైపు తిరుగుచున్న ఇంజను, మరియొకవైపు నిలిచియున్న చక్రములు. ఈ రెండింటిని పండ్ల చక్రములతో ఒక్కసారిగ కలిపినచో ఇంజను ఆగిపోవును, లేదా పండ్లు విరుగును. కావున మొదట జారుచు, క్రమముగ పట్టుకొనుచు, తుదకు రెండును ఒకటిగ తిరుగునట్లు చేయు సాధనము కావలెను. అదియే క్లచ్చు.

దాని నిర్మాణము సులభమైనది. ఇంజనుకు కొసను ఫ్లైవీలు అను బరువైన ఇనుప చక్రము బిగింపబడి యుండును. దానికెదురుగ క్లచ్చు ప్లేటు ఉండును. ఇది పలుచని ఉక్కు బిళ్ల. దీని రెండు ముఖములకును ఘర్షణను కలిగించు పట్టీలు అమర్చబడి యుండును. ఈ ప్లేటు గేరుబాక్సులోనికి పోవు ఇరుసుపై కూర్చుండును. దీని వెనుక ప్రెషరు ప్లేటు, దానిని ఒత్తిపట్టు పళ్లెము వంటి స్ప్రింగు ఉండును. రెండు అరచేతుల నడుమ అదిమిపట్టిన కాగితము వలె, ఫ్లైవీలుకును ప్రెషరు ప్లేటుకును నడుమ క్లచ్చు ప్లేటు చిక్కుకొని తిరుగును. డ్రైవరు పెడలును త్రొక్కినప్పుడు రిలీజు బేరింగు అను చిన్న భాగము ముందుకు జరిగి స్ప్రింగు వ్రేళ్లను నొక్కును. అంతట పట్టు సడలి ప్లేటు విడివడును. కాలు తీసినచో స్ప్రింగు మరల అదుముకొనును.

ఈ పట్టీలకు తగిన పదార్థమును కనుగొనుటకు చాలకాలము పట్టినది. తొలినాటి కార్లలో శంఖువు ఆకారము గల క్లచ్చులకు తోలు తొడిగెడివారు. ఇంగ్లండులో హెర్బర్టు ఫ్రూడ్ అను నతడు, గుఱ్ఱపుబండ్లవారు బ్రేకు దిమ్మెలకు పాత బూట్ల ముక్కలను తగిలించుటను చూచి, మేలైన ఘర్షణ పదార్థములను తయారుచేయ నారంభించెను. 1897లో ఆరంభమైన ఆ ప్రయత్నమే పిమ్మట ఫెరోడో సంస్థ అయ్యెను. ఆ తరువాత ఆస్బెస్టాసు, అనగా రాతినార, ఈ పనికి పెక్కు దశాబ్దములు వాడబడెను. అది వేడికి చెడదు. కాని దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతకమైన వ్యాధులను కలిగించునని తేలినది. ఐరోపా సమాజ దేశములలో 2005 నుండి దాని వాడకము నిషేధింపబడినది. నేటి పట్టీలలో గాజు నారలు, సేంద్రియ నారలు, రాగి లేక ఇత్తడి తీగలు, వీని నన్నిటిని అంటించు రెజిను ఉండును.

పట్టు యొక్క లెక్క

క్లచ్చు ఎంత మెలిత్రిప్పు బలమును, అనగా టార్కును, మోయగలదు? అది నాలుగు సంఖ్యల లబ్ధము: ఘర్షణ గుణకము, స్ప్రింగు ఒత్తు బలము, పట్టీ యొక్క సగటు వ్యాసార్ధము, ఘర్షించు ముఖముల సంఖ్య.

ఘర్షణ గుణకము 0.3, స్ప్రింగు బలము 7000 న్యూటనులు, సగటు వ్యాసార్ధము 0.1 మీటరు, ముఖములు 2 అనుకొందము. గుణించినచో 420 న్యూటను-మీటర్లు వచ్చును. ఇంజను ఇచ్చు గరిష్ఠ టార్కు 350 అయినచో, క్లచ్చుకు ఐదవ వంతు అదనపు శక్తి ఉన్నదన్న మాట.

ఈ అదనమే క్లచ్చు యొక్క ప్రాణము. వేడి మితిమీరినచో పట్టీల ఘర్షణ గుణకము 0.3 నుండి 0.2కు పడిపోవచ్చును. అప్పుడు లబ్ధము 280 మాత్రమే. ఇంజను బలమును అది మోయలేదు, జారును. ఇంజను కొసనున్న సీలు కారి పట్టీలపై నూనె పడినను ఇదియే ఫలితము. పట్టీలు మిక్కిలి అరిగి స్ప్రింగు ఒత్తిడి తగ్గినను ఇదియే ఫలితము. జారినచో వేడి పుట్టును. వేడి పుట్టినచో ఇంకను జారును. కావున జారుట ఆరంభమైన క్లచ్చు త్వరలోనే పూర్తిగ చెడును.

సగము శక్తి ఎక్కడికి పోవును?

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వచ్చెదము. ఓడరేవులలో బస్తాలను మోసికొనిపోవు పట్టీని ఊహింపుడు. అది సమవేగముతో పోవుచున్నది. దానిపై ఒక బస్తాను మెల్లగ ఉంచినచో అది కొంతసేపు జారి, పిదప పట్టీ వేగమును అందుకొనును. ఆ కొంతసేపటిలో పట్టీ పూర్తి వేగముతో కదలినది. బస్తా వేగమో, సున్న నుండి పూర్తి వేగము వరకు పెరిగినది. దాని సగటు పట్టీ వేగములో సగము. కావున పట్టీ రెండు మీటర్లు పోయిన కాలములో బస్తా ఒక మీటరు మాత్రమే పోవును. రెండింటి నడుమనున్న ఘర్షణ బలము ఒక్కటే. పని అనగా బలమును దూరముచే గుణింపగా వచ్చునది గదా! పట్టీ చేసిన పనిలో సగమే బస్తాకు గతిజ శక్తిగ చేరినది. తక్కిన సగము వేడిగ మారినది.

క్లచ్చులో జరుగునదియు ఇదియే. ఫ్లైవీలు పట్టీ వంటిది, కారు బస్తా వంటిది. ఇంజను వేగమును స్థిరముగ నుంచి సమతలముపై బయలుదేరినచో, ఇంజను ఇచ్చిన శక్తిలో సగము కారునకు చేరును; సగము క్లచ్చులో వేడి యగును. పెడలును ఎంత మెల్లగ వదలినను, ఎంత నేర్పుతో వదలినను ఈ సగము తప్పదు. అనగా, క్లచ్చు పూర్తిగ పట్టుకొను క్షణమున కారునకు ఎంత గతిజ శక్తి యుండునో, అంత వేడియు క్లచ్చులో పుట్టి యుండును. డ్రైవరు చేతిలో నున్నది ఒక్కటే: ఎంత వేగము వద్ద రెండింటిని కలుపవలెనో నిర్ణయించుట.

అంకెలలో చూతము. డ్రైవరుతో కూడ 1400 కిలోగ్రాముల కారు, 0.32 మీటరు వ్యాసార్ధము గల చక్రములు. మొదటి గేరులో ఇంజను 13 చుట్లు తిరిగిన చక్రము ఒక చుట్టు తిరుగును. ఇంజనును నిమిషమునకు 1500 చుట్ల వద్ద ఉంచి బయలుదేరినచో, క్లచ్చు పట్టుకొనునప్పటికి కారు వేగము సెకనుకు సుమారు 3.87 మీటర్లు, అనగా గంటకు 14 కిలోమీటర్లు. గతిజ శక్తి సుమారు 10,500 జౌలులు. క్లచ్చులో పుట్టిన వేడియు అంతే.

పందెములలో వలె ఇంజనును 4500 చుట్ల వద్ద ఉంచి కారును దుమికించినచో? వేగము మూడు రెట్లు. గతిజ శక్తి వేగము యొక్క వర్గమును బట్టి యుండును గనుక వేడి తొమ్మిది రెట్లు, 94,500 జౌలులు. ఈ వేడిని మొదట గ్రహించునది ఫ్లైవీలు, ప్రెషరు ప్లేటుల ఉపరితలమునకు దగ్గరనున్న ఇనుము. అది 5 కిలోగ్రాములని, ఇనుము యొక్క విశిష్టోష్ణము 460 అని తీసికొన్నచో, మెల్లని బయలుదేరుట వలన ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు లోపుగనే పెరుగును. దుమికించుట వలన 41 డిగ్రీలు పెరుగును. వరుసగ నాలుగైదు సార్లు దుమికించినచో ఏమగునో విద్యార్థులే ఊహింపగలరు.

రెండవ గేరులో బయలుదేరుట మరియొక పొరపాటు. అందు 13కు బదులు సుమారు 7.5 చుట్లకే చక్రము ఒకసారి తిరుగును. అదే 1500 చుట్ల వద్ద కలిపినను వేగము 1.73 రెట్లు, వేడి మూడు రెట్లు అగును.

అన్నిటికంటె చెడ్డది ఎత్తుబాటపై బ్రేకు వేయక, క్లచ్చును సగము పట్టించి కారును నిలిపియుంచుట. పదింటికి ఒకటి వంతు ఎత్తుగల బాటపై ఈ కారును క్రిందికి లాగు బలము సుమారు 1370 న్యూటనులు. దానిని ఆపుటకు క్లచ్చు వద్ద కావలసిన టార్కు సుమారు 34 న్యూటను-మీటర్లు. ఇంజను 1500 చుట్లతో తిరుగుచుండగా క్లచ్చులో పుట్టు వేడి సెకనుకు 5,300 జౌలులు. ఐదారు ఇస్త్రీ పెట్టెలను ఒక్కచోట వెలిగించినట్లే! ఒక్క నిమిషములో 3,18,000 జౌలులు, అనగా ముప్పది మెల్లని బయలుదేరుటలకు సమానము. కారు అంగుళమైనను కదలలేదు. క్లచ్చు మాత్రము అరిగినది.

నూరు గ్రాముల పొడి

క్లచ్చు ప్లేటు పట్టీకి వెలుపలి వ్యాసము 240 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసము 160 మిల్లీమీటర్లు అనుకొందము. ఒక ముఖము వైశాల్యము సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క ముఖమున ఒక మిల్లీమీటరు మందము అరిగినచో రెండింటను కలిపి 50 ఘన సెంటీమీటర్లు. ఆ పదార్థపు సాంద్రత నీటికి రెండు రెట్లు. కావున అరిగినది 100 గ్రాములు. పట్టీని ప్లేటుకు బిగించు రివెట్ల తలలు పైకి తేలకముందు అరుగదగిన మేర ఇంచుమించుగ ఇంతియే.

ఈ మేర దాటినను నడిపినచో రివెట్ల తలలు ఫ్లైవీలు ముఖమును గీరి గాడులు పెట్టును. అప్పుడు మార్చవలసిన భాగముల పట్టిక పెరుగును. కాబట్టి ఆలస్యము కూడ ఖర్చే.

క్లచ్చు అరిగినదో లేదో కనుగొనుట కష్టము కాదు. పై గేరులో మెల్లగ పోవుచు యాక్సిలరేటరును గట్టిగ త్రొక్కవలెను. ఇంజను చుట్లు పెరిగి కారు వేగము పెరుగనిచో క్లచ్చు జారుచున్నదన్న మాట. దీనికి విరుద్ధముగ, పెడలును త్రొక్కినను గేరు పడక గరగరలాడినచో క్లచ్చు విడివడుట లేదన్న మాట. ఇది తరచుగ పెడలు నుండి ఒత్తిడిని తెచ్చు ద్రవములో గాలి చేరుట వలనగాని, చిన్న సిలిండరు కారుట వలనగాని కలుగును. దీనిని సవరించుట చాల చవుక. ఈ రెండు జబ్బులకు భేదము తెలియక గేరుబాక్సును దింపించినవారు అనవసరముగ వేల డాలర్లు చెల్లింతురు.

బిల్లును విప్పి చూచుట

ఇక బిల్లు. అమెరికాలో ఒక వర్కుషాపు గంట పనికి 150 డాలర్లు తీసికొనుననియు, పనికి 9 గంటలు పట్టుననియు ఉదాహరణకు అనుకొందము. ధరలు ఊరిని బట్టి, సంవత్సరమును బట్టి మారును. మనకు కావలసినది వాని నడుమనున్న నిష్పత్తి.

క్లచ్చు ప్లేటు, ప్రెషరు ప్లేటు: 640 డాలర్లు.
రిలీజు బేరింగు: 60 డాలర్లు.
ఫ్లైవీలు: 1000 డాలర్లు.
సీలు, బోల్టులు: 80 డాలర్లు.
కూలి, 9 గంటలకు: 1350 డాలర్లు.
మొత్తము: 3130 డాలర్లు.

ఈ బిల్లులో అన్నిటికంటె పెద్ద అంకె కూలి. నిజముగ అరిగిన ప్లేటు ఖరీదు అందులో చిన్న భాగము. కూలి ఏల అంత యగును? క్లచ్చు ఉన్న చోటు వలన.

చోటునకు చెల్లించు వెల

జర్మనీలో పోర్షే సంస్థ 1963లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో చూపిన కారు పిమ్మట 911 అను పేరుతో లోకప్రసిద్ధమైనది. అందు ఇంజను వెనుక ఇరుసుకు వెనుకను, గేరుబాక్సు దానికి ముందును ఉండును. క్లచ్చు రెండింటి నడుమ చిక్కుకొని యుండును. దానిని చేరుటకు కారును పైకెత్తి, అడుగు కప్పులను తీసి, చక్రములకు పోవు ఇరుసులను ఊడదీసి, గేరు తీగలను విడదీసి, గేరుబాక్సును దింపవలెను. 1998 వరకు తయారైన, గాలితో చల్లబడు ఇంజను గల నమూనాలలో సాధారణముగ ఇంజనును గేరుబాక్సును కలిపియే క్రిందికి దించెడివారు. చేతికి అందవలసినది ఒక పళ్లెమంత బిళ్ల. దాని కొరకు కారులో సగము విప్పవలెను.

అదే సంస్థ 1982 నుండి 1991 వరకు తయారుచేసిన 944 కారులో ఇంజను ముందు, గేరుబాక్సు వెనుక ఉండును. బరువు ముందు వెనుక చక్రములపై దాదాపు సమముగ పడుటకై ఈ యేర్పాటు. మలుపులలో కారు నిలకడగ పోవును. కాని క్లచ్చు ఇంజను వద్దనే యున్నది. దానిని తీయవలెనన్న వెనుకనున్న గేరుబాక్సును, రెండింటిని కలుపు పొడవైన గొట్టమును కూడ వెనుకకు జరుపవలెను. అమెరికా వారి కార్వెటు కారును 1997లో ఇదే పద్ధతికి మార్చిరి. అక్కడను ఇదే ఇబ్బంది.

ఇది తప్పనిసరియా? కాదు. స్వీడను దేశపు సాబ్ 900 కారులో క్లచ్చును ఇంజనుకు ముందు కొసను ఉంచిరి. బానెటు తెరచి, ఇంజనును గేరుబాక్సును కదల్పకయే దానిని మార్చవచ్చును. పోర్షే వారి 928 కారులో కూడ క్లచ్చును అడుగు నుండి విడిగ తీయుటకు వీలు కల్పించిరి. అనగా మరమ్మతు సులువుగ నుండవలెనా, బరువు సమముగ పడవలెనా, స్థలము కలిసిరావలెనా అనునది నిర్మాత గీత గీయునాడే తేల్చుకొన్న విషయము. ఆ గీతకు వెల మాత్రము ఇరువది ఏండ్ల పిమ్మట ఏ మూడవ యజమానియో చెల్లించును.

ఫ్లైవీలు ఖరీదుకు వేరే కారణము కలదు. ఒకే ఇనుప దిమ్మెగ నుండు పాత ఫ్లైవీలును సానపట్టించి మరల వాడవచ్చును. కాని 1985 నుండి కార్లలో రెండు ముక్కలుగ చేసి నడుమ స్ప్రింగులను అమర్చిన ఫ్లైవీలు వాడుకలోనికి వచ్చెను. ఇంజను యొక్క అదురు గేరుబాక్సునకు పోకుండ అది ఆపును. నడక మృదువగును, కాని లోపలి స్ప్రింగులు సడలినచో దానిని మొత్తముగ మార్చవలసినదే.

పందెపు కార్లకు దగ్గరైనకొలది ఈ వెల ఇంకను పెరుగును. ఇంజను చురుకుగ వేగము అందుకొనవలెనన్న తిరుగు భాగములు తేలికగను చిన్నవిగను ఉండవలెను. వ్యాసార్ధము తగ్గినచో టార్కు తగ్గును. దానిని పూరించుటకు ముఖముల సంఖ్యను పెంచవలెను. 2003 నుండి 2006 వరకు తయారైన పోర్షే కారెరా జి.టి. కారులో క్లచ్చు వ్యాసము 169 మిల్లీమీటర్లు మాత్రమే. అందు రెండు ప్లేట్లు, నాలుగు ఘర్షణ ముఖములు. అంత చిన్న ప్లేట్లు అంత వేడిని భరించుటకు కార్బను నారలు కలిపిన సిలికాను కార్బైడు అను పింగాణి జాతి పదార్థమును వాడిరి. పట్టీల ధర మామూలు పట్టీల ధరతో పోల్చదగినది కాదు.

విప్పినప్పుడు ఏవి మార్చవలెను?

60 డాలర్ల రిలీజు బేరింగు బాగుగనే యున్నదనుకొందము. దానిని మార్చవలెనా? మార్చక వదలినచో తరువాతి క్లచ్చు మార్పుకు ముందే అది చెడినచో, 60 డాలర్ల బేరింగుతోబాటు 1350 డాలర్ల కూలియు మరల చెల్లింపవలెను; మొత్తము 1410. అట్లు చెడు సంభావ్యత నూటికి 4.3 కంటె ఎక్కువైనచో ఇప్పుడే మార్చుట లాభము. ఎంత మంచి బేరింగుకైనను అంతటి అనుమానము ఉండదగినదే. కావున మార్చవలెను.

ఫ్లైవీలు సంగతి వేరు. దానిని ఇప్పుడు మార్చినచో 1000 డాలర్లు. మార్చక, తరువాత చెడినచో 2350. సంభావ్యత నూటికి 43 దాటిననే మార్చుట మేలు. కావున దానిని గ్రుడ్డిగ మార్చరాదు. చేతితో త్రిప్పి లోపలి సడలును కొలిచి, నిర్మాత విధించిన మేరలో నున్నచో ఉంచవలెను. అంతటితో బిల్లు 2130 డాలర్లకు దిగును. "ఎటులను విప్పితిమి గదా, అన్నియు మార్చుదము" అను మాట చవుక భాగములకు వర్తించునుగాని ఖరీదైన భాగములకు వర్తింపదు. సంభావ్యత పాఠము చెప్పు ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణ.

పాత కారు కొనువారు మరచు సంగతి ఒకటి కలదు. 65,000 డాలర్లకు అమ్ముడైన కారు కొన్ని యేండ్లకు 20,000కు దొరకవచ్చును. కారు ధర తగ్గినది గాని, క్లచ్చు ధరయు మెకానికు కూలియు తగ్గలేదు. క్రొత్త కారు ధరలో నూటికి ఐదు వంతుల కంటె తక్కువగ నుండిన అదే బిల్లు పాత కారు ధరలో నూటికి పదునారు వంతులైనది. పైగా క్లచ్చు వాడకము వలన అరుగు వస్తువు గనుక సాధారణముగ గ్యారంటీ దానికి వర్తింపదు. ఎంత అరిగినదో తెలిసికొనకుండ కారును కొన్నవాడు, అమ్మినవాని పాదము చేసిన అప్పును తాను తీర్చును.

ఒక్కొక్క అడుగుకు వెల

ఇప్పుడు రెండు లెక్కలను కలుపుదము. ఒక క్లచ్చు లక్ష మెల్లని బయలుదేరుటలకు వచ్చుననుకొందము. నూరు గ్రాములను లక్షచే భాగించినచో ఒక్కొక్క పర్యాయము అరుగునది ఒక మిల్లీగ్రాము. 3130 డాలర్లను లక్షచే భాగించినచో ఒక్కొక్క దానికి మూడు సెంట్లు. అరుగుదల పుట్టిన వేడిని బట్టి యుండునని తీసికొన్నచో, 4500 చుట్ల వద్ద ఒకసారి దుమికించుటకు తొమ్మిది మిల్లీగ్రాములు, 28 సెంట్లు. ఎత్తుబాటపై క్లచ్చుతో ఒక నిమిషము నిలుపుటకు ముప్పది మిల్లీగ్రాములు, ఇంచుమించుగ ఒక డాలరు. నిజమునకు నష్టము ఇంతకంటె ఎక్కువే. ఏలయన ఒక మేర దాటి వేడెక్కినచో పట్టీలోని రెజిను మాడి, అరుగుదల వేడిని మించి పెరుగును. మెల్లగ నడుపువాని క్లచ్చు లక్ష కిలోమీటర్లు దాటుటయు, అదే కారులో మరియొకని క్లచ్చు అందులో పదవ వంతుకే పోవుటయు ఇందువలననే.

ఈ వ్యయమును తగ్గించుటకు నిర్మాతలు ఇతర మార్గములను వెదకిరి. 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫు కారులోను, 2008లో పోర్షే 911లోను నూనెలో మునిగి తిరుగు జంట క్లచ్చులు వచ్చెను. నూనె వేడిని లాగికొనిపోవును. కంప్యూటరు ఒత్తిడిని నిర్ణయించును. విద్యుత్తు కార్లలో ఈ చిక్కే లేదు. విద్యుత్తు మోటారు నిలిచియున్నప్పుడును పూర్తి టార్కును ఈయగలదు గనుక బయలుదేరుటకు జారు క్లచ్చు అక్కరలేదు.

అయినను నేడు మన రోడ్లపై తిరుగు లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లలో పెక్కు క్లచ్చు మీదనే ఆధారపడి యున్నవి. వాని క్లచ్చు చోటు అనుకూలమైనది, కూలి తక్కువ, పట్టీలు చవుక. కాని వేడి లెక్క మారదు. పెడలుపై పాదము ఆనించి నడుపు అలవాటు, ఘాటు మలుపులో క్లచ్చుతో బండిని ఆపు అలవాటు, బరువుతో రెండవ గేరులో బయలుదేరు అలవాటు అక్కడను ఇట్లే అరగదీయును. ఒకనాటి సంపాదనయే మరమ్మతుకు ఆధారమైన ఆటో డ్రైవరుకు ఈ విషయము స్పోర్ట్స్ కారు యజమానికంటె ఎక్కువ అవసరము.

తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఒక చెక్కదిమ్మె క్రింద వరుసగ తోలు, రబ్బరు, గుడ్డ అంటించి స్ప్రింగు త్రాసుతో బల్లపై లాగుడు. లాగుటకు కావలసిన బలమును దిమ్మె బరువుచే భాగించినచో ఘర్షణ గుణకము వచ్చును. పిదప బల్లపై రెండు చుక్కలు నూనె వేసి మరల లాగుడు. త్రాసు ముల్లు ఎంత పడిపోవునో చూచిన విద్యార్థికి, సీలు కారిన క్లచ్చు ఏల జారునో వేరుగ చెప్పనక్కరలేదు.

మెకానికు ఇచ్చు బిల్లు ఒక్కనాడు వచ్చినట్లు కనబడును. కాని అందులోని కూలిని నిర్మాత ఎన్నడో నిర్ణయించెను. తేదీని మాత్రము డ్రైవరు పాదము ప్రతి కూడలి వద్దను, ప్రతి ఎత్తుబాటపైనను మిల్లీగ్రాము మిల్లీగ్రాముగ నిర్ణయించుచునే యుండును.